బూడిదను మండించగలమా?

ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి మాట్లాడుకునేటప్పుడు పెళ్లి సంబంధాలు, పిల్లల చదువులు, ఊరి సంగతులు అయిపోయాక మాట కరెంటు బిల్లు మీదికో పెట్రోలు ధర మీదికో మళ్లక మానదు. అప్పుడు ఎవరో ఒకరు ఫోను తీసి ఒక వీడియో చూపిస్తారు. అందులో ఒక యువకుడు బండి ట్యాంకులో సీసాడు మంచినీళ్లు పోస్తాడు. తాళం తిప్పగానే బండి కదులుతుంది. ఈ ఆవిష్కరణను చమురు కంపెనీలు తొక్కిపెట్టాయని వెనుక నుంచి ఒక గొంతు ఆవేశంగా చెబుతూ ఉంటుంది. మామూ నమ్ముతారు. పదో తరగతి చదివే మేనకోడలు నమ్మదు. నానీజాన్ ఇద్దరినీ కసిరి దస్తర్‌ఖాన్ దగ్గరికి పిలుస్తారు. చర్చ అక్కడితో ఆగుతుంది గాని తేలదు.

తేలవలసిన చర్చే ఇది. ఎందుకంటే ఇదే మాటను ఒక దేశం మొత్తం కొన్ని వారాలపాటు నమ్మింది.

2012 వేసవిలో పాకిస్తాన్ తీవ్రమైన విద్యుత్ కోతలతో అల్లాడుతోంది. గ్యాసు కోసం వాహనాలు బారులు తీరుతున్నాయి. ఆ సమయంలో సింధ్ ప్రాంతానికి చెందిన ఆఘా వకార్ అహ్మద్ అనే ఇంజినీరు, తాను రూపొందించిన ‘వాటర్ కిట్’ బిగిస్తే ఏ కారైనా నీటితోనే నడుస్తుందని ప్రకటించాడు. కారు బ్యాటరీలోని విద్యుత్తు నీటిని హైడ్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడగొడుతుందనీ, ఆ హైడ్రోజన్ ఇంజన్‌లో మండి కారును నడుపుతుందనీ అతని వివరణ. టీవీ వ్యాఖ్యాతలు అతనిని ఆకాశానికెత్తారు. రాజకీయ నాయకులు ఆ కారెక్కి చూశారు. అణ్వస్త్ర కార్యక్రమంతో ప్రఖ్యాతుడైన అబ్దుల్ ఖదీర్ ఖాన్ కూడా ఇందులో మోసమేమీ లేదని టీవీలో చెప్పారు. ప్రముఖ రసాయన శాస్త్రవేత్త అతావుర్రహ్మాన్, భౌతిక శాస్త్రవేత్త పర్వేజ్ హూద్‌భాయ్ మాత్రం ఇది ప్రకృతి నియమాలకే విరుద్ధమని గట్టిగా చెప్పారు. చీకట్లో మగ్గుతున్న జనానికి ఆ మాట రుచించలేదు. ఆశ పెట్టుకున్నచోట అడ్డుపడేవారు శత్రువుల్లా కనిపించడం సహజమే. కొన్నాళ్లకు హడావుడి చల్లారింది. నీటితో నడిచే కార్లు పాకిస్తాన్ రోడ్ల మీదికి రాలేదు.

హూద్‌భాయ్ చెప్పినది అర్థం కావడానికి పెద్ద చదువులు అక్కరలేదు. వంటింటి ఉదాహరణ చాలు. కట్టెలు మండితే వేడి వస్తుంది, బూడిద మిగులుతుంది. ఆ బూడిదను మళ్లీ పొయ్యిలో వేసి అన్నం వండగలమా? హైడ్రోజన్ మండితే కూడా వేడి వస్తుంది. మిగిలేది నీరు. అంటే నీరు అన్నది హైడ్రోజన్ కాలిపోయిన తర్వాతి బూడిద. అది ఇవ్వవలసిన వేడిని ఎప్పుడో ఇచ్చేసింది. దానిని మళ్లీ ఇంధనంగా మార్చాలంటే, ఇచ్చిన వేడినంతా మనమే తిరిగి చెల్లించాలి. పైగా వడ్డీతో!

లెక్క కూడా చూద్దాం. తొమ్మిది లీటర్ల నీటిని విడగొడితే ఒక కిలో హైడ్రోజన్, ఎనిమిది కిలోల ఆక్సిజన్ వస్తాయి. ఈ పనికి నేటి మంచి యంత్రాలు సైతం 50 నుంచి 55 యూనిట్ల విద్యుత్తును వాడుకుంటాయి. ఆ కిలో హైడ్రోజన్‌ను మండిస్తే సుమారు 33 యూనిట్లకు సమానమైన వేడి వస్తుంది. కారు ఇంజన్ అందులో మూడో వంతును కూడా చక్రాలకు అందించడం కష్టం. అంటే యాభై పెట్టి పది రాబట్టుకున్నట్టు. ఇక మామూలు కారు బ్యాటరీలో నిండుగా ఉండే విద్యుత్తు ఎంత? సుమారు అర యూనిట్. ఆ అర యూనిట్‌తో నీటిని విడగొట్టి, వచ్చిన వాయువుతో ఇంజన్ నడిపి, ఆ ఇంజన్‌తోనే మళ్లీ బ్యాటరీని నింపుతామనడం, తన జేబులోంచి తానే అప్పు తీసుకుని ధనవంతుణ్ణయ్యానని సంబరపడటం లాంటిది.

మరి వీడియోలో బండి ఎలా కదిలింది? పెట్రోలు ఇంకెక్కడో ఉండి ఉండవచ్చు. ట్యాంకు మనకు కనిపించేది ఒక్కటే కానక్కరలేదు. తమిళనాడులో రామర్ పిళ్లై అనే వ్యక్తి నీటిలో ఆకులు వేసి మరిగించి పెట్రోలు తీస్తున్నానని 1996లో దేశాన్ని ఆశ్చర్యపరిచాడు. చెన్నై ఐ.ఐ.టి.లో పరీక్ష పెట్టినప్పుడు గుట్టు తెలిసింది. అతను నీటిని కలియబెట్టే కడ్డీ లోపల డొల్లగా ఉంది. అందులో ఇంధనం నింపి చివర మైనంతో మూశారు. నీరు వేడెక్కగానే మైనం కరిగి ఇంధనం పాత్రలోకి దిగింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2016లో, న్యాయస్థానం అతనికి మూడేళ్ల జైలుశిక్ష విధించింది. ఈలోగా ఆ ‘మూలికా ఇంధనం’ కొని బండ్లలో పోసుకున్నవారున్నారు.

ఇక్కడ మామూ ఊరుకోరు. “శ్రీశైలంలో నీళ్లతోనే కదా కరెంటు తీస్తున్నారు?” అంటారు. ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు, ఈ చర్చలన్నింటిలో మంచి ప్రశ్న ఇదే. శ్రీశైలంలో పనిచేస్తున్నది నీటి ఎత్తు. సూర్యుని వేడికి సముద్రం నుంచి ఆవిరై, కొండల మీద వానగా కురిసి, డ్యాము వెనుక నిలిచిన నీరు కిందికి దూకేటప్పుడు ఆ బరువే టర్బైన్లను తిప్పుతుంది. కింద నది నీరు నీరుగానే సాగిపోతుంది, ఒక్క చుక్కా మండదు. నూరు మీటర్ల ఎత్తు నుంచి పడే నీటితో ఒక్క యూనిట్ రావాలంటే సుమారు నాలుగు వేల లీటర్లు కావాలి. సీసాడు నీళ్లతో బండి నడిచేదీ లేనిదీ దీన్నిబట్టే తెలుస్తోంది.

శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం ఇంకో మంచి పాఠం చెబుతుంది. అక్కడున్న 150 మెగావాట్ల ఆరు యంత్రాలు వెనక్కి కూడా తిరగగలవు. విద్యుత్తు మిగిలిన వేళ కింది నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు మళ్లీ కిందికి వదిలేందుకు ఈ ఏర్పాటు. ఇలాంటి కేంద్రాల్లో నాలుగు యూనిట్లు ఖర్చు చేసి తోడితే తిరిగి వచ్చేది సుమారు మూడు. నష్టమే. అయినా ఎవరికీ అక్కరలేని వేళలోని కరెంటును అందరికీ కావలసిన వేళకు దాచుకోవడం వల్ల గిట్టుబాటవుతుంది. ఆ నష్టాన్ని ఇంజినీర్లు దాచరు. నష్టం ఎంతో ముందే చెప్పే యంత్రానికీ, నష్టమే లేదనే యంత్రానికీ తేడా ఇక్కడే ఉంది.

పూడిమడక సంగతీ ఇంతే. అనకాపల్లి జిల్లాలోని ఆ తీరగ్రామంలో ఎన్‌టీపీసీ హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. “ప్రభుత్వమే నీటితో ఇంధనం చేస్తోంది చూడండి” అన్న సందేశాలు ఆ వెంటనే ఫోన్లలో తిరగడం మొదలైంది. అక్కడ శక్తినిచ్చేది ఎండ, గాలి. వాటి విద్యుత్తుతో నీటిని విడగొట్టి, హైడ్రోజన్‌ను దాచుకునే, తరలించే సరుకుగా మారుస్తారు. నీరు అక్కడ ముడిసరుకే గాని ఇంధనం కాదు. పత్రికల శీర్షికల్లో ఈ తేడా తరచు జారిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. సందేశం పంపినవారు మామూ. నమాజీ, అబద్ధమాడని మనిషి. ఆయన పంపినదాన్ని కాదంటే ఆయనను కాదన్నట్టే కదా అని చాలా ఇళ్లలో పిల్లలు నోరు మూసుకుంటారు. వార్త తెచ్చిన వ్యక్తి దుర్మార్గుడైతే విచారించుకోమనీ, లేకుంటే తెలియక ఇతరులకు హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందనీ సూరా హుజురాత్ ఆరో ఆయతు బోధిస్తోంది. తెచ్చినవాడు పుణ్యాత్ముడైతే విచారణ అక్కరలేదా? ఈ ప్రశ్నను హదీసువేత్తలు మనకంటే వెయ్యేళ్ల ముందే ఎదుర్కొన్నారు. ఉల్లేఖకునిలో వారు రెండు గుణాలను విడివిడిగా పరీక్షించారు. ఒకటి అదాలత్, అంటే అతని ధర్మనిష్ఠ, నిజాయితీ. రెండోది జబ్త్, అంటే విన్నదాన్ని ఉన్నదున్నట్టు గుర్తుంచుకుని చెప్పగల సామర్థ్యం. రాత్రంతా ఆరాధనలో గడిపే మహానుభావుల ఉల్లేఖనాలను సైతం జ్ఞాపకశక్తి చాలదన్న కారణంతో వారు పక్కన పెట్టారు. దానివల్ల ఆ మహానుభావుల గౌరవం తగ్గలేదు. మామూ గౌరవమూ తగ్గదు. ఖదీర్ ఖాన్ విషయంలో జరిగిందీ ఇదే. లోహశాస్త్రంలో ఆయన ప్రావీణ్యం నీటి కిట్‌కు పూచీకత్తు కాలేకపోయింది. పైగా మన ఫోన్లలోని సందేశానికి సనదే ఉండదు. ఎవరు చూశారు, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు కొలిచారు అని వెనక్కి వెళ్తే రెండో మెట్టుకే దారి మూసుకుపోతుంది. విన్నదల్లా ఇతరులకు చేరవేసే అలవాటు మనిషిని అసత్యవాదిని చేయడానికి చాలునని దైవప్రవక్త (స) హెచ్చరించినట్టు సహీహ్ ముస్లింలో ఉంది. వేలితో ఒక్కసారి నొక్కితే పాతికమందికి చేరే కాలంలో ఆ హెచ్చరిక బరువు ఎంత పెరిగిందో ఆలోచించవచ్చు.

ఇంతకంటే నన్ను కలవరపెట్టేది మరొకటుంది. ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు సూరా తక్వీర్‌లోని, సముద్రాలు రగిలే ప్రస్తావనను సాక్ష్యంగా తెస్తారు. “ఖుర్‌ఆన్ నీరు మండుతుందని ఎప్పుడో చెప్పింది, వీళ్లు ఇప్పుడు కనుక్కున్నారు” అంటారు. ఆ ఆయతు ప్రళయదినాన్ని వర్ణిస్తోంది. సూర్యుడు కాంతిహీనమై, పర్వతాలు కదిలిపోయే రోజును గుండెలు అదిరేలా కళ్లముందు నిలుపుతోంది. దానిని తీసుకువెళ్లి ఒక స్కూటరు కిట్‌కు ప్రకటనగా అతికించడం భక్తి అవుతుందా? రేపు ఆ కిట్ బూటకమని తేలితే, అది విన్న పదో తరగతి పిల్ల మనసులో దెబ్బ తగిలేది కిట్ మీద నమ్మకానికి మాత్రమే కాదు. అల్లాహ్ గ్రంథానికి ఫోను వీడియోల ఊతకర్ర అవసరం లేదు.

అయితే ఆ పిల్ల ఎంతవరకు వాదించాలి? సత్యం తన వైపే ఉన్నా జగడాన్ని విడిచిపెట్టేవారికి స్వర్గంలో గృహం గురించిన శుభవార్త హదీసుల్లో ఉంది. కనుక మామూ సరదాగా చెప్పుకుంటున్నంతసేపు చిరునవ్వుతో విని ఊరుకోవచ్చు. భోజనాల దగ్గర గెలుపు ఎవరికి కావాలి? కాని మామూ తన ఆటోకు ఆ కిట్ బిగించుకోవడానికి వేల రూపాయలు సిద్ధం చేసుకున్నారని తెలిసిన క్షణం మర్యాద పేరిట మౌనం తగదు. అప్పుడు నచ్చజెప్పడం నసీహత్ అవుతుంది, మేలుకోరడం అవుతుంది. నలుగురిలో కాదు, పక్కకు తీసుకువెళ్లి, ఆయన డబ్బు గురించిన బెంగతో చెప్పాలి. ఇలాంటిదే ఇంకొకటి మన ఇళ్లలోకి ఇప్పటికే వచ్చింది. ప్లగ్గులో పెడితే బిల్లు సగమవుతుందనే చిన్న పెట్టె. విప్పి చూస్తే సాధారణంగా కనిపించేది ఒక కెపాసిటరు, ఒక చిన్న దీపం. గృహాల మీటరు లెక్కించేది యూనిట్లను. ఆ పెట్టె యూనిట్లను తగ్గించదు, ఆ దీపం వెలగడానికి మరికొంత వాడుకుంటుంది కూడా. ఆ డబ్బుతో పాత బల్బులు తీసి ఎల్‌ఈడీలు పెట్టుకున్న ఇల్లు లాభపడుతుంది.

పిల్లలకు మాటలకన్నా చూపించడం మేలు. ఒక గాజు గ్లాసు నీటిలో చెంచాడు వంటసోడా కలపండి. ఉప్పు మాత్రం వద్దు, ఉప్పునీటి నుంచి హానికరమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. రెండు పెన్సిళ్లను రెండు కొసలా చెక్కి, పై కొసలకు తీగలు చుట్టి, 9 వోల్టుల చిన్న బ్యాటరీకి కలిపి, కింది కొసలను ఒకదానికొకటి తగలకుండా నీటిలో ముంచండి. కిటికీ తెరిచి ఉంచండి, దగ్గరలో పొయ్యి గాని అగ్గిపుల్ల గాని ఉండకూడదు. కొసల దగ్గర బుడగలు మొదలవుతాయి. ఒక పెన్సిలు దగ్గర రెండోదానికంటే ఎక్కువగా వస్తాయి. అదే హైడ్రోజన్. అది ఏ తీగ వైపో పిల్లలనే చెప్పనివ్వండి. ఆ బుడగలు ఎంతసేపు వస్తాయో, బ్యాటరీ ఎప్పుడు నీరసపడుతుందో గడియారం చూసి రాసుకోమనండి. మామూను కూడా పిలవండి.