తిరగబెట్టిన హెర్నియాకు వేరు దారి

గజ్జలోని హెర్నియాకు కీహోల్ పద్ధతిలో ఆపరేషన్ చేయించుకొని, కొన్ని నెలలకో కొన్నేళ్ళకో అదే చోట వాపు తిరిగి కనిపించినవారు నా వద్దకు వస్తుంటారు. "ఒకసారి కోయించుకున్నాం, గుణం దక్కలేదు. ఇక మందులతోనే నయం చేయండి" అని వారిలో చాలామంది కోరుతారు. ఆయుర్వేద వైద్యుడినైన నేను ఈ కోరికను మన్నించలేను. అందుకు కారణాలను పాఠకుల ముందుంచడం నా విధి అని భావిస్తున్నాను.

ముందుగా మన శాస్త్రం మాట. సుశ్రుతుడు నిదానస్థానంలో వృద్ధి రోగాలు ఏడని చెప్పి, వాటిలో ఆంత్రవృద్ధిని వేరుగా వర్ణించాడు. బరువులు మోయడం, బలవంతులతో పెనుగులాడటం, చెట్టు మీదనుండి పడటం వంటివి దానికి కారణాలన్నాడు. నొక్కితే పైకి పోయి, విడిస్తే తిరిగి ఉబ్బుతుందన్నాడు. చికిత్సాస్థానంలో గజ్జలో నిలిచినదానికి అగ్నికర్మ విధించి, వృషణకోశంలోకి దిగినదానిని విడిచిపెట్టమన్నాడు. అనగా కేవలం కషాయంతో ఇది పూర్తిగా కుదురుతుందని ఆయన ఆశ చూపలేదు. హెర్నియా అంటే ఉదరభిత్తిలో ఏర్పడిన రంధ్రం. చిరిగిన గోడను పూడ్చే లేహ్యం ఏదీ లేదు.

మరి ఒకసారి పూడ్చిన రంధ్రం మళ్ళీ ఎందుకు తెరుచుకుంటుంది? కీహోల్ పద్ధతిలో మెష్ అనే వలను కండరాల వెనుక, లోపలివైపు పరుస్తారు. పెద్దవారిలో అది సుమారు 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు ఉండాలని నిపుణుల నియమం. వల చిన్నదైనా, అంచు మడతపడినా, లోపల చోటు తగినంత విడదీయకపోయినా, పక్కనే ఉన్న మరొక రంధ్రం కంటపడకపోయినా వాపు తిరగబెడుతుంది. ఇక రోగి వైపునుండి పొగత్రాగడం, స్థూలకాయం, మానని దగ్గు వంటివి తోడవుతాయి.

చేయి తిరిగిన వైద్యుని విలువ ఇక్కడే తెలుస్తుంది. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులలో జరిగి 2004లో ప్రకటితమైన పరిశోధనలో, రెండేళ్ళలో తిరగబెట్టినవి కీహోల్ పద్ధతిలో 10.1 శాతం, ముందువైపు కోసి వల అమర్చిన పద్ధతిలో 4.9 శాతం. అయితే 250కి పైగా కీహోల్ ఆపరేషన్లు చేసినవారి చేతిలో అది బాగా తక్కువగా ఉన్నది. కాబట్టి ఆ పద్ధతినే నిందించడం న్యాయం కాదు.

ఇక అసలు ప్రశ్న: రెండవసారి ఏ ఆపరేషన్? 2018లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పే సూత్రం మన ఇళ్ళలోనూ అర్థమయ్యేదే. మొదట వెనుక దారిన వెళ్ళి ఉంటే, ఇప్పుడు ముందు దారిన వెళ్ళాలి. లోపల పాత వల కణజాలంతో అతుక్కుపోయి ఉంటుంది. దానిని మళ్ళీ విడదీయబోతే మూత్రాశయానికీ రక్తనాళాలకూ గాయమయ్యే ప్రమాదం ఉన్నది. గజ్జ ముందుభాగం మాత్రం ఇంతవరకు కత్తి తాకనిది. అక్కడ చిన్న కోతతో కొత్త వల అమర్చే లిక్టెన్‌స్టైన్ పద్ధతి తగినది. చాలామందికి ఆ భాగం వరకే మత్తు ఇచ్చి చేయవచ్చు కనుక గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న వృద్ధులకు ఇది వరమే. పాత వల చీముపట్టడమో, విడవని నొప్పి కలిగించడమో జరిగితే తప్ప దానిని సాధారణంగా తీయనవసరం లేదు.

"కీహోల్ కొత్తది, కోత పాతది, మళ్ళీ వెనక్కు వెళ్ళడమా?" అని కొందరు సంశయిస్తారు. నా అభిప్రాయంలో ఇది వెనుకడుగు కాదు, వివేకం. అయితే ముందు దారిలో నరాలు ఉంటాయి. కొందరికి నెలల తరబడి గజ్జలో నొప్పి మిగలవచ్చు. ఈ సంగతి ముందే వైద్యునితో మాట్లాడుకోవాలి. రెండు దారులూ విఫలమైనవారు మాత్రం హెర్నియాలలో ప్రత్యేక అనుభవమున్న సర్జన్ వద్దకే వెళ్ళాలి.

ప్రతి వాపూ తిరగబెట్టిన హెర్నియా కాదని కూడా గమనించండి. ఆపరేషన్ తరువాత మొదటి వారాలలో ఆ చోట నీరు చేరి, క్రమంగా అదే తగ్గవచ్చు. అనుమానముంటే స్కానింగుతో తేల్చుకోవచ్చు. మొదటి ఆపరేషన్ కాగితాలను ఇంటి దస్తావేజుల వలె భద్రపరచండి. ఏ దారిన చేశారు, ఏ కొలత వల వేశారు అన్నవి రెండవ వైద్యునికి ఎంతో అవసరం.

ఇంటి వైద్యానికి ఇక్కడ స్థానం లేదా? తప్పక ఉన్నది. ఆకుకూరలు, పీచు గల ఆహారం, తగినంత నీరు, అవసరమైతే రాత్రి ఇసప్‌గోల్ తీసుకొని మలబద్ధకం లేకుండా చూసుకోవాలి. పొగ మానాలి, దగ్గుకు చికిత్స చేయించాలి, బరువు తగ్గాలి. మూత్రం ముక్కి పోయవలసి వస్తుంటే దానికీ వైద్యం ముందే జరగాలి. ఇవన్నీ శస్త్రచికిత్సకు తోడు మాత్రమే.

ఒక హెచ్చరిక. వాపు లోపలికి పోక గట్టిపడి, తీవ్రమైన నొప్పి, వాంతులు, అపానవాయువు స్తంభించడం కనిపిస్తే పేగు నొక్కుకుపోయిందని అనుమానించాలి. వాతవృద్ధికి ఆముదం శాస్త్రంలో ఉన్నదే; కాని ఆ సమయంలో ఆముదం పట్టించడం, నూనెతో మర్దన చేయడం, బలవంతంగా లోపలికి నొక్కడం ప్రాణం మీదికి తెస్తాయి. నోటికేమీ ఇవ్వక, ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్చండి.