పాళీ దిగినాక: రెండు చుట్లకే బండి ఆపినోడు

పదో తరగతి పిల్లవాడొకడు ఫోన్‌లో ‘రష్’ సినిమా చూసి వచ్చి అడిగిండు: “కాకా, ఆ లాడా చివర్ల భయపడి ఓడిపోయిండా, తెలివితోని ఆపిండా?” సినిమా చూడనోళ్ళకు ఈ ప్రశ్న అర్థం కాదు. అందుకని ఈ నెల మగ్గాలు, బోనస్ పక్కన పెట్టి కార్ల పందెం గురించి రాస్తున్న. కోప్పడకండి. చదివినాక ఇది మన సాంచాల కాడి ముచ్చటే అని మీకే అనిపించొచ్చు.

అది 1976. మన దగ్గర ఎమర్జెన్సీ. సమ్మె అనే మాట గట్టిగ అనరాని కాలం. అదే ఏడు ఫార్ములా వన్ పందేల్లో ఇద్దరి మధ్య పోటీ జనవరిలో బ్రెజిల్‌లో మొదలై, అక్టోబర్‌లో జపాన్‌లో, పదహారో పందెం ఆఖరి చుట్టు దాకా తెగలేదు. ఈ కార్లలో ఒక్కడే కూర్చుంటాడు. చక్రాలు నాలుగూ బయటికే ఉంటాయి, ఇంజన్ వీపు వెనక, చుట్టూ పెట్రోలు. అప్పట్లో పందెం గెలిస్తే 9 పాయింట్లు, తర్వాత వరసగా 6, 4, 3, 2, 1. ఏడాది మొత్తంలో ఎవరికి ఎక్కువొస్తే వాడే ప్రపంచ విజేత.

ఒకడు నికీ లాడా, ఆస్ట్రియా దేశస్థుడు, 1949లో వియన్నాలో పుట్టాడు. డబ్బున్న ఇల్లే, తాత పెద్ద పారిశ్రామికవేత్త. కానీ మనవడు పందేల్లోకి పోవడం తాతకు ఇష్టం లేదు, వచ్చే సాయాన్ని కూడా అడ్డుకున్నాడు. లాడా తన ప్రాణం మీది బీమా పాలసీ కుదువపెట్టి బ్యాంకు అప్పు తెచ్చి సీటు కొనుక్కున్నాడు. 1975లో ఫెరారీ కారులో ప్రపంచ విజేత అయ్యాడు. లెక్క మనిషి. యంత్రం చప్పుడు విని ఎక్కడ తేడా ఉందో చెప్పే జాబర్లు మన దగ్గర ఉంటారు చూడండి, ఆ జాతి.

రెండోవాడు ఇంగ్లండ్ మనిషి జేమ్స్ హంట్. ఎత్తైన మనిషి, పొడుగు జుట్టు. తాగుడు, సిగరెట్టు, జల్సా అన్నీ ఉన్నయి. 1975 చివర వాళ్ళ జట్టు యజమాని దగ్గర డబ్బైపోయింది, హంట్ ఖాళీగా మిగిలాడు. అప్పుడే మెక్‌లారెన్ జట్టులో ఫిట్టిపాల్డి అనే పెద్ద డ్రైవర్ వెళ్ళిపోవడంతో ఆ సీటు ఈయనకు దక్కింది. సినిమాలో ఇద్దర్నీ పాము ముంగిసల్లెక్క చూపించిండ్రు. నిజానికి వాళ్ళు దోస్తులు, పైకి రాని రోజుల్లో కొన్నాళ్ళు ఒకే ఇంట్లో ఉన్నారు కూడా.

ఏడాది మొదట్లో లాడాదే పైచెయ్యి. స్పెయిన్‌లో హంట్ గెలిస్తే, కారు వెడల్పు ఒకటిన్నర సెంటీమీటర్ల పైచిలుకు ఎక్కువుందని గెలుపు తీసేశారు, తర్వాత అప్పీలులో తిరిగి ఇచ్చారు. ఇంగ్లండ్‌లో గెలిచింది మాత్రం సెప్టెంబర్‌లో తీసేసి లాడాకు ఇచ్చారు. గెలుపోటములు రోడ్డు మీద కాకుండా ఆఫీసుల్లో తేలడం అక్కడ కూడా ఉన్నదన్నమాట. స్వీడన్‌లోనైతే ఆరు చక్రాల కారు, ముందు నాలుగు చిన్నవి, వెనక రెండు పెద్దవి, మొదటి రెండు స్థానాల్లో వచ్చింది. పిల్లలు దాని ఫోటో వెతికి చూడండి, నవ్వొస్తది.

అసలు సంగతి ఆగస్టు 1, జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్. ఒక్క చుట్టే దగ్గర దగ్గర 23 కిలోమీటర్లు. అడవిలో, కొండల మీద మెలికలు. అంత పొడుగు దారిలో మంట అంటుకుంటే ఆర్పే మనుషులు ఎన్నిచోట్ల నిలబడగలరు? లాడా ఇదే అడిగాడు. ఇక్కడ పందెం వద్దని డ్రైవర్ల మీటింగులో పెట్టాడు. ఓటు పెడితే ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. వీళ్ళకు మంట కొత్త కాదు. 1973లో హాలండ్‌లో రోజర్ విలియమ్సన్ అనే కుర్రాడు తలకిందులైన కారులో కాలిపోతుంటే, డేవిడ్ పర్లీ అనే ఇంకో డ్రైవర్ తన కారు ఆపి ఒంటరిగా దాన్ని లేపడానికి కొట్టుకున్నాడు. పక్కన నిలబడ్డ సిబ్బందికి మంట తట్టుకునే బట్టలు లేవు. పిల్లవాడు బతకలేదు.

ఓటు ఓడినాక లాడా అలిగి ఇంటికి పోలేదు, పందెంలో దిగాడు. రెండో చుట్టులో కారు దారి తప్పి గట్టుకు కొట్టుకుని, మంటలతో రోడ్డు మీదికే తిరిగొచ్చింది. వెనకొస్తున్న కారు దాన్ని గుద్దింది. హెల్మెట్ ఊడిపోయింది. మంటలోంచి బయటికి గుంజింది అధికారులు కాదు, అంబులెన్సు కాదు. వెనక వచ్చిన డ్రైవర్లు: మెర్జారియో, లంగర్, ఎడ్వర్డ్స్, ఎర్ట్‌ల్. మొహం, తల కాలినయి, కుడి చెవి చాలావరకు పోయింది. అన్నిటికంటే చెడ్డది లోపల జరిగింది. కాలిన ప్లాస్టిక్ పొగ ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఆస్పత్రికి పాదిరిని పిలిచి ఆఖరి ప్రార్థన కూడా చేయించారు.

పొగ, దూది దుమ్ము ఊపిరితిత్తుల్లో పడితే ఎట్లుంటదో మన ఇండ్లలో ఒకరు చెప్పాల్సిన పని లేదు.

లాడా మంచం మీద ఉండగానే ఫెరారీ వాళ్ళు రాయ్టెమన్ అనే ఇంకో డ్రైవర్‌ను పెట్టుకున్నారు. మన భాషలో చెప్పాలంటే, మనిషి దవాఖానల ఉండంగనే బదిలీ మనిషి సాంచె కాడ నిలబడ్డడు. ఆరు వారాలకు, సెప్టెంబర్ 12న, ఇటలీలోని మోంజాలో లాడా మళ్ళీ కారెక్కాడు. పుండ్లు మానలేదు, కట్లకు నెత్తురు అంటింది. భయంతో కాళ్ళు చేతులు వణికినయని తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఆ రోజు నాలుగో స్థానంలో వచ్చాడు. రాయ్టెమన్‌ది తొమ్మిది.

ఆ పిల్లవాడు అడిగినదానికి నా జవాబు సగం ఇక్కడే ఉంది. భయపడేవాడైతే మోంజాకు రావాల్సిన పనే లేదు. ఇంట్లో కూర్చుంటే అడిగేవాడు లేడు.

ఈలోపల హంట్ వరసగా గెలుస్తూ వచ్చాడు. జపాన్‌లోని ఫుజీలో, అక్టోబర్ 24న, ఆఖరి పందెం నాటికి లాడాకు 68, హంట్‌కు 65. ఆ రోజు కుండపోత వాన, పొగమంచు. రోడ్డు మీద నీళ్ళు పారుతున్నయి, ముందు కారు లేపే తుంపరలో వెనకోడికి ఏమీ కనపడదు. మొదలుపెట్టడం ఆలస్యం చేసి చేసి, చివరికి పొద్దు పోతుంటే వదిలారు. లాడాకు కంటి రెప్పలు కాలి ఉన్నాయి. రెండు చుట్లు తిరిగి కారును జట్టు దగ్గరికి తెచ్చి ఆపేసి దిగాడు. మూడు పాయింట్లు ముందున్నవాడు ప్రపంచ టైటిల్‌ను అట్ల వదిలేసి నడిచిపోయాడు.

అప్పుడు ఫెరారీ ఇంజనీరు ఫోర్గియెరీ ఒక మాట అన్నాడు: ఇంజన్ చెడిపోయిందని చెబుదాం అని. మంచి మనసుతోనే అన్నాడు. లాడా వద్దన్నాడు. ఇంజన్ బాగానే ఉంది, ఆపింది నేను, అదే చెప్పమన్నాడు.

నాకు ఈ కథ మొత్తంలో నచ్చిన చోటు ఇదే. రాత్రి పాళీలో ఏదన్న సాంచె షాక్ కొడుతున్నదని మనవాడు ఆపితే, “దారం సరిగా లేక ఆగిందని రాయి” అనే ముకాదం ఉంటాడు. సేఠ్ దగ్గర మాట రాకుండా మనిషిని కాపాడుతున్న అనుకుంటాడు. కానీ అట్ల రాసినంతకాలం ఆ సాంచె షాక్ కొడుతున్న సంగతి ఏ కాగితం మీదా ఉండదు, మర్నాడు దాని మీద ఇంకోడు నిలబడతాడు. ఒక తేడా కూడా చెప్పాలి. లాడా ఆపినందుకు పోయింది టైటిల్. మన బదిలీ మనిషి ఆపితే ఆ రోజు కూలి పోతది, ఒక్కోసారి పనే పోతది. ధైర్యం ఇద్దరికీ ఒక్కటే ధరకు దొరకదు. అందుకే ఒక్కడు ఆపడం కాకుండా నలుగురు కలిసి ఆపాలంటాను నేను. ఆ రోజు ఫుజీలో లాడా కాక ఇంకో ముగ్గురు కూడా బండ్లు ఆపేసిండ్రు. వాళ్ళలో ఒకాయన రెండుసార్లు ప్రపంచ విజేతైన ఫిట్టిపాల్డి. ఆయన్ని పిరికివాడని ఎవరూ అనలేదు. తిట్లన్నీ లాడాకే వచ్చినయి, ఇటలీ పత్రికల్లో మరీ ఎక్కువ.

హంట్ సంగతి? చాలాసేపు ముందే ఉన్నాడు. వాన తగ్గి రోడ్డు ఆరేసరికి, వాన టైర్లు అరిగిపోయాయి. కొద్ది చుట్లు మిగిలుండగా టైరు పంక్చరై ఆగాల్సి వచ్చింది. తిరిగి వచ్చేసరికి వెనకబడ్డాడు. కళ్ళు మూసుకున్నట్టు తోలి ఇద్దర్ని దాటి మూడో స్థానంలో గీత దాటాడు. ఆ సంగతి తనకే తెలియదు. ఓడిపోయాననుకుని కారు దిగి జట్టు మేనేజరు మీద అరుస్తుంటే, వాళ్ళు మూడు వేళ్ళు చూపించి ‘గెలిచావురా’ అని నమ్మించాల్సి వచ్చింది. 69కి 68. ఒక్క పాయింటు.

మరుసటి ఏడు, 1977లో, అదే ఫెరారీతో లాడా మళ్ళీ ప్రపంచ విజేత అయ్యాడు. సీజన్ అయిపోకముందే వాళ్ళకు దండం పెట్టి బయటికొచ్చాడు. 1984లో మూడోసారి గెలిచాడు, అప్పుడు తేడా సగం పాయింటే. నూర్‌బుర్గ్‌రింగ్ పాత పెద్ద చుట్టు మీద ఫార్ములా వన్ మళ్ళీ ఎన్నడూ జరగలేదు. హంట్ 1979లో మానేసి టీవీలో వ్యాఖ్యానం చెప్పాడు, 1993లో గుండెపోటుతో పోయాడు, 45 ఏండ్లకే.

కోయంబత్తూరు పాఠకులకు ఒక మాట. ఇట్లాంటి ఒక్కసీటు కార్లను మారుతి 800 ఇంజన్‌తో మన దేశంలో చేయించిన కరివర్ధన్ మీ ఊరివాడే. మీ దగ్గరి ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. 2005లో ఫార్ములా వన్‌లోకి వెళ్ళిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్‌దీ ఆ ఊరే. వాళ్ళ ముచ్చట తెలిసినవాళ్ళు రాసి పంపితే ఇక్కడ వేస్తాం.

లాడా 2019 మేలో కన్నుమూశాడు, 70 ఏండ్లు. కాలిన తల కనపడకుండా పెట్టుకున్న ఎర్ర టోపీ చివరిదాకా తియ్యలేదు. దాని ముందుభాగం కంపెనీలకు ప్రకటన వేసుకోవడానికి కిరాయికిచ్చి మంచి డబ్బే సంపాదించిండు.