ఐదో స్థానం ఎవరిచ్చారు?

ప్రతిభకు రంగు అడ్డురాదని వాదించే పెద్దలను మేమొక్కటి అడుగుతున్నాం: 1956లో అమెరికా కళాశాలల ఫుట్‌బాల్‌లో జరిగిందేమిటి? (అది మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకొని ప్రత్యర్థులను ఛేదించుకుంటూ పరుగెత్తే ఆట.) ఆ యేటి ఉత్తమ క్రీడాకారునిగా హైస్మన్ ట్రోఫీ నోటర్‌డామ్ ఆటగాడు పాల్ హార్నంగ్‌ను వరించింది. ఆయన జట్టు పది ఆటల్లో ఎనిమిది ఓడింది. అదే యేట సిరక్యూస్ విశ్వవిద్యాలయపు నల్లజాతి యువకుడు జిమ్ బ్రౌన్ కోల్గేట్ జట్టుపై తానొక్కడే 43 పాయింట్లు సాధించాడు. ఎనిమిది ఆటల్లో బంతితో 986 గజాలు పరుగెత్తాడు. ఓట్ల లెక్కలో అతనికి దక్కినది ఐదో స్థానం!

హార్నంగ్ సమర్థుడే, కాదనం. కానీ 1935 నుండి 1960 వరకు 26 సార్లు ఇచ్చిన ఆ ట్రోఫీ ఒక్క నల్లజాతీయునికైనా అందలేదే! దీనినీ యాదృచ్ఛికమనే అంటారా? దస్త్రాల మధ్య ఉద్యోగ జీవితం గడిపిన మాకు తెలుసు, వివక్ష అన్న మాట ఏ కాగితంపైనా రాసి ఉండదు. కాగితాలన్నీ వరుసగా పేర్చినప్పుడే అది కనబడుతుంది.

1961లో ఎర్నీ డేవిస్ ఆ గోడ దాటాడు. అతనిదీ సిరక్యూసే, బ్రౌన్ ధరించిన 44వ నంబరే. 23 ఏళ్ళకే రక్త క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

పాత లెక్కలు ఇప్పుడెందుకు అనేవారున్నారు. 150 ఏళ్ళ కళాశాల ఫుట్‌బాల్‌లో సర్వోత్తముడు జిమ్ బ్రౌనేనని ఈఎస్‌పీఎన్ 2020లో ప్రకటించింది. అప్పటికి ఆయన వయస్సు 83.