ఫొటో ఉంది... పేరేదీ?

దివిసీమలోని ఓ పల్లెలో, ఉద్యోగ విరమణ చేసిన మాస్టారి అరుగు మీద సాయంత్రం కబుర్లన్నీ ఫొటోల గురించే. పాఠాలు చెప్పడం ఆయన వృత్తి, ఫొటోలు తీయడం సరదా. ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో రీలుకు 12 ఫొటోలే. అందుకే మీట నొక్కేముందు పదిసార్లు ఆలోచించేవారట. అయినా తీసినవి పెళ్లిళ్లు కావు. చెరువు గట్టున బిందెలు, కుప్ప నూర్పిళ్లు, రేవులో పడవ, బడి ముందు పిల్లలు.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. వేలమందిని పొట్టన పెట్టుకుంది. గోడలతోపాటు గోడల మీది పటాలూ కొట్టుకుపోయాయి. అటక మీది రేకుపెట్టె దక్కడంతో మాస్టారి ఫొటోలు మిగిలాయి. తల్లి ముఖం చూసుకోవడానికి ఆ పెట్టె వెతికినవారున్నారు. కానీ సగం ముఖాలకు ఇప్పుడు పేర్లు తెలియవు. చెప్పగల పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

నేడు ప్రతి చేతిలోనూ కెమెరా ఉంది. వేల ఫొటోలున్నాయి. ఫోను కాలవలో పడితే అన్నీ గల్లంతే. ముఖ్యమైన నాలుగైనా కాగితం మీద వేయించుకోవాలి. పాత ఫొటోల వెనుక మెత్తటి పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరం రాయాలి. నెగెటివ్‌లను చెమ్మ తగలకుండా దాచాలి. ఊళ్లోని బడి పిల్లలకు ఈ పని అప్పగిస్తే తాతల నోట చరిత్ర కూడా నేర్చుకుంటారు.

కెమెరాలో పడేది ముఖమే. పేరు మనమే రాయాలి. అదీ, చెప్పేవారు ఉండగానే.