తల తిరిగిందా? కార్డు కొనే ముందు లెక్క చూడండి

వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకున్న పది నిమిషాలకే తల తిరిగి, ‘ఇది నా ఒంటికి పడదు’ అని పక్కన పడేశారా? లేక కొత్త గ్రాఫిక్స్ కార్డున్న ల్యాప్‌టాప్ కోసం ఇంట్లో పోరు పెడుతున్నారా? రెండూ కాస్త ఆపండి. కంచికచర్ల, నందిగామ వైపు హాస్టల్ రూముల్లో మామూలు గేమింగ్ ల్యాప్‌టాప్‌తో కుస్తీ పడే ఇంజనీరింగ్ విద్యార్థికి ముందు కావాల్సింది కార్డు కాదు, కొలత.

ఫుల్ హెచ్‌డీ తెర మీద పిక్సెళ్లు దాదాపు 20.7 లక్షలు. క్వెస్ట్ 2లో ఒక్కో కంటికి 1832×1920, అంటే రెండు కళ్లకూ కలిపి 70 లక్షల పైనే. అదీ సెకనుకు 60 సార్లు కాదు, 90 సార్లు గీయాలి. పని అయిదు రెట్లయింది! ఒక్కో ఫ్రేమ్‌కు గడువు 11.1 మిల్లీసెకన్లే. 12 పట్టిందనుకోండి, బస్సు వెళ్లిపోయినట్టే. ఆ ఫ్రేమ్ తర్వాతి బస్సు దాకా ఆగాలి. మానిటర్ మీదైతే అదో చిన్న కుదుపు. హెడ్‌సెట్‌లో మాత్రం మీ మెడ తిరిగింది, బొమ్మ సరిగా తిరగలేదు. కడుపులో తిప్పేది అందుకే. (జాయ్‌స్టిక్‌తో పరుగెత్తే ఆటల్లో ఫ్రేమ్‌లు సరిగ్గా ఉన్నా కొందరికి తిప్పుతుంది. అది వేరే సంగతి.)

అందుకని సగటు ఎఫ్‌పీఎస్ చూసి మురిసిపోకండి. స్టీమ్‌వీఆర్‌లో ఫ్రేమ్ టైమింగ్ గ్రాఫ్ తెరిచి, ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి. ముందు రిఫ్రెష్ రేటు 72కి దించండి. గడువు 13.9 మిల్లీసెకన్లకు పెరుగుతుంది, పైసా ఖర్చు లేదు. తర్వాత రెండర్ రిజల్యూషన్ 100 నుంచి 70 శాతానికి తగ్గించి గ్రాఫ్ చూడండి. అసలు పరీక్ష ఇదే. జీపీయూ టైమ్ తగ్గి ఆట సాఫీ అయిందా, భారం కార్డు మీదుంది. అప్పుడు నీడలు, రిఫ్లెక్షన్లు, పొగమంచు ఎఫెక్టులు మొహమాటం లేకుండా తగ్గించి, మిగిలిన సమయంతో రిజల్యూషన్ మళ్లీ పెంచుకోవచ్చు. కుదుపు అలాగే ఉందా, అడ్డు ప్రాసెసర్ దగ్గరో, వైఫై దగ్గరో ఉంది. వేలు పోసి కార్డు మార్చినా అది పోదు. ఎంఎస్‌ఏఏ ఉంటే మాత్రం పూర్తిగా తీసేయొద్దు, కంటి ముందే అంచులు మిణుకుమంటాయి.

ఇంకోటి, మన ఎండలు. వేసవి వార్తల్లో నందిగామ పేరు వినబడని ఏడాది ఉండదు కదా! వేడెక్కిన ల్యాప్‌టాప్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. కాబట్టి చార్జర్ పెట్టి, అరగంట ఆడాకే కొలవండి. మొదటి అయిదు నిమిషాల అంకెలు నమ్మొద్దు.

గేమ్ స్టూడియోల్లో పెర్ఫార్మెన్స్ ఇంజనీర్లు చేసేదీ ఇలాంటి పనే. యూనిటీ ప్రొఫైలర్, రెండర్‌డాక్ రెండూ ఉచితంగా దొరుకుతాయి. అప్పట్లో వాల్వ్ ఇంజనీర్‌గా ఉన్న అలెక్స్ వ్లాకోస్ 2015, 2016 జీడీసీ సదస్సుల్లో వీఆర్ రెండరింగ్ మీద చేసిన ప్రసంగాలు వెతికి చూడండి. మీరు మార్చిన ప్రతి సెట్టింగ్‌కూ ముందు ఎన్ని మిల్లీసెకన్లు, తర్వాత ఎన్ని అని ఒక పట్టిక రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. రెజ్యూమెలో ‘గేమింగ్ అంటే ఆసక్తి’ అనే లైను తీసేసి, ఆ లింకు ఇవ్వండి.