వెనుక తరుముకొచ్చే బండి



పోయిన వానకాలములో ఒక సాయంకాలము మేము పొరుగూరి నుండి మోటారు సైకిలు మీద తిరిగి వస్తున్నాము. వెనుక మా ఇల్లాలు కూర్చున్నది. సన్నగా చినుకులు పడుతున్నవి. ఇంతలో ఒక లారీ మమ్మును ఆనుకొన్నంత దగ్గరగా వచ్చి, ఆపకుండ హారను మ్రోగించసాగింది. ప్రక్కకు తప్పుకొనుటకు చోటున్నది. అయినను మేము తప్పుకొనలేదు. “రోడ్డు వాడొక్కడిదేనా?” అనుకొన్నాము. బ్రేకు నొక్కి వానికి బుద్ధి చెప్పవలెనని కూడ తోచింది. అప్పుడు మా ఇల్లాలు భుజము తట్టి, “పోనివ్వండి, ఇంటి దగ్గర పిల్లలు ఎదురుచూస్తుంటారు” అన్నది. సిగ్గుపడి దారి ఇచ్చాము. మరికొంత దూరము వెళ్లేసరికి గేదెల మంద అడ్డము వచ్చింది, గట్టిగా బ్రేకు వేయవలసివచ్చింది. ఆ లారీ ఇంకను మా వెనుకనే ఉండియుంటే?

గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు పోతుంది. డ్రైవరు అపాయమును చూచి బ్రేకు మీద కాలు వేయుటకే ఒక సెకనైనా పడుతుంది. బండి ఆగేది ఆ తరువాతనే. తడి రోడ్డు మీద ఇంకను ఆలస్యము. అందుకే ముందు బండి ఉన్నట్టుండి ఆగినను గుద్దుకొననంత ఎడము ఉంచవలెనని 1989 నాటి రోడ్డు నియమములు చెప్పాయి. వాటి స్థానములో 2017లో వచ్చిన నియమములు కూడ ఎడము ఉంచమనే చెప్పుచున్నవి.

వెనుకవాడు ఈ నియమము పాటించనప్పుడు మనమేమి చేయగలము? వెనుక ఎడము మన చేతిలో లేదు గాని, ముందు ఎడము మన చేతిలోనే ఉన్నది. ముందు బండి ఒక స్తంభమును దాటగానే సెకన్లు లెక్కపెట్టండి. మనము ఆ స్తంభమును చేరుటకు కనీసము రెండు సెకన్లు పట్టవలెను. వాన పడుతున్నా, వెనుక ఎవరైనా తరుముతున్నా నాలుగు చేసుకొనండి. ముందు చోటుంటే మనము హఠాత్తుగా బ్రేకు వేయనక్కరలేదు, మెల్లగా ఆగవచ్చును. వెనుకవానికిని ఆగుటకు సమయము దొరుకుతుంది.

భయపడి వేగము పెంచకండి, అతడు ఆ వేగములోను వెంటబడును. కోపముతో బ్రేకు వేయకండి. మలుపులోను, కల్వర్టు మీదను ప్రక్కకు దిగకండి. గట్టి నేల, వెడల్పైన చోటు రాగానే ఎడమ వైపు ఇండికేటరు వేసి, నిదానించి దారి ఇవ్వండి. అప్పటికిని వదలకుంటే పెట్రోలు బంకు దగ్గరనో, నలుగురున్న చోటనో రెండు నిమిషములు ఆగండి. దిగి తగవుకు మాత్రము పోవద్దు.

మన కుర్రవాళ్లు అందము కొరకని బండి అద్దములు ఊడదీస్తున్నారు. అద్దము లేనివానికి వెనుక వచ్చు అపాయము ఎట్లు తెలియును? తల్లిదండ్రులారా, ఈ వారమే మీ ఇంటి బండికి అద్దములున్నవో లేవో, వెనుక ఎర్రలైటు వెలుగుచున్నదో లేదో చూడండి. ట్రాక్టరు ఉన్నవారు ట్రాలీ వెనుక కూడ చూచుకొనండి. తొందరలో మనమే ఇంకొకరిని తరుముచున్నామేమో, అదియును చూచుకొందము.

ఆ సాయంకాలము దారి ఇచ్చినందుకు మాకు పోయినది అర నిమిషము. పిల్లలతో కలిసి అన్నము తిన్నాము.