షాఫ్ట్స్‌బరీ ప్రభువూ, మన టీ కొట్టు చిన్నా

పోయిన సెమిస్టరు చరిత్ర పేపర్లో ఒక ప్రశ్న వచ్చింది: 1833 నాటి ఇంగ్లండు ఫ్యాక్టరీ చట్టాన్ని గురించి వ్రాయుము. నాకు కొట్టినపిండి లాంటి ప్రశ్న. ఆరు పేజీలు నింపాను. హాల్లోంచి బయటికొచ్చి, రోడ్డవతల టీ కొట్టు దగ్గర నిలబడి, "ఒరేయ్ చిన్నా, రెండు టీ పట్రా!" అని కేకేశాను. గ్లాసులు తెచ్చినవాడి తల బల్ల మీదికి జానెడు కనిపిస్తోంది, అంతే. టీ సగం తాగాక గాని నేను పరీక్షలో ఏం రాసి వచ్చానో నాకు గుర్తు రాలేదు. ఆ సిగ్గులోంచి పుట్టిందే ఈ వ్యాసం.

లండన్‌లో పికాడిల్లీ సర్కస్ అనే కూడలి ఉంది. అక్కడ విల్లు పట్టుకున్న రెక్కల బొమ్మతో ఒక ఫౌంటెన్. 1893లో కట్టారు. జనం దాన్ని 'ఈరోస్' అంటారు, ఫొటోలు దిగుతారు. అది షాఫ్ట్స్‌బరీ ప్రభువు జ్ఞాపకార్థం కట్టిందని తెలిసినవాళ్ళు తక్కువ. పేరు మరిచిపోయారు సరే, ఆయన చేసిన పని మాత్రం ఇవాళ్టికీ మనల్ని విడిచిపెట్టలేదు.

ఆయన 1801లో గొప్పింట పుట్టాడు. కాని తల్లిదండ్రుల ఆదరణ ఎరగడు. చిన్ననాడు దగ్గరికి తీసి ప్రార్థన నేర్పింది ఇంట్లో పనిచేసే మరియా మిల్లిస్ అనే ఆమె. ఆమె ఇచ్చి పోయిన గడియారాన్ని ఆయన జీవితాంతం దాచుకున్నాడు. పిల్లల బాధ ఆయనకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు.

ఆ ఉద్యమానికి ఆయన ఆద్యుడు కాడు. యార్క్‌షైర్ మిల్లుల్లో పసిపిల్లల బానిసత్వం గురించి 1830లో పత్రికకు ఉత్తరం రాసి నిప్పు రాజేసింది రిచర్డ్ ఓస్ట్లర్. 1832లో పార్లమెంటు కమిటీ ముందు కార్మికుల చేత సాక్ష్యం చెప్పించింది మైకేల్ శాడ్లర్. శాడ్లర్ ఎన్నికల్లో ఓడిపోతే ఆ బరువు షాఫ్ట్స్‌బరీ ఎత్తుకున్నాడు. ముగ్గురూ గాఢమైన క్రైస్తవ విశ్వాసం గలవాళ్ళే. ఆదివారం నాటి ప్రార్థనకూ సోమవారం నాటి మిల్లుకూ సంబంధం ఉండి తీరాలని నమ్మినవాళ్ళు.

1833లో వాళ్ళడిగిన పది గంటల దినం దక్కలేదు. ప్రభుత్వం తన సొంత చట్టం తెచ్చింది. తొమ్మిదేళ్ళ లోపు పిల్లల్ని బట్టల మిల్లుల్లో పెట్టుకోరాదు. పదమూడేళ్ళ లోపు వాళ్ళకి వారానికి 48 గంటలకు మించి పని చెప్పరాదు. అన్నిటికంటే ముఖ్యం, నలుగురు ఇన్‌స్పెక్టర్లను వేశారు. దేశమంతటికీ నలుగురే! నవ్వొచ్చినా, అసలు కీలకం అక్కడే ఉంది. అంతకు ముందున్న చట్టాలకు అడిగే నాథుడే లేడు.

1842లో స్త్రీలనూ, పదేళ్ళ లోపు మగపిల్లలనూ గనుల్లోకి దించరాదన్న చట్టం షాఫ్ట్స్‌బరీ కృషే. పది గంటల చట్టం 1847లో గాని రాలేదు. ఇక పొగగొట్టాల్లోకి ఎక్కి మసి దులిపే పిల్లల సంగతి వినండి. 1840లోనే దాన్ని నిషేధించారు. పెద్దమనుషుల ఇళ్ళల్లో యథాప్రకారం ఎక్కిస్తూనే ఉన్నారు. 1875లో జార్జ్ బ్రూస్టర్ అనే పిల్లవాడు పొగగొట్టంలో ఇరుక్కుని చనిపోయాక, లైసెన్సులు పెట్టి పోలీసులకు అప్పజెబితే గాని ఆ దురాచారం ఆగలేదు. చట్టం కాగితం మీంచి పొగగొట్టం దాకా రావడానికి ముప్ఫయ్యైదేళ్ళు పట్టిందన్న మాట.

ఆయనలో లోపాలు లేవా? ఉన్నాయి. సామాన్యులకు ఓటు హక్కు విస్తరిస్తామంటే 1867లో వ్యతిరేకించినవాడే. పేదవాడి మీద దయ ఉంది గాని అధికారం పంచుకోవడానికి మనసొప్పలేదు. 1879లో మన దేశపు మిల్లుల్లోని పిల్లల గురించి కూడా ప్రభువుల సభలో మాట్లాడాడు. దానికి వంతపాడిన లాంకషైర్ మిల్లు యజమానులకు బొంబాయి మిల్లుల పోటీ మీద ఉన్న దిగులు మన పిల్లల మీద లేదు. ఏమైతేనేం, 1881లో మనకూ మొదటి ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. ఏడేళ్ళ లోపు పిల్లలు వద్దు, ఏడు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకి తొమ్మిది గంటలు చాలు అంది.

అదే 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించారు. దానికి అనుమతించే చట్టం 1856లోనే ఉంది! పాతికేళ్ళు అది పుస్తకంలో పడి ఉంది. పంతులుగారు తిట్లు తిని, వెలిని ఓర్చుకుని, దాన్ని పందిట్లోకి తెచ్చారు. షాఫ్ట్స్‌బరీ నమ్మిన మతం వేరు, పంతులుగారి దారి వేరు. పాఠం మాత్రం ఒకటే.

ఇప్పుడు మన సంగతి. 1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. 2016 సవరణతో, సొంత కుటుంబపు పనులూ సినిమాలూ వంటివి తప్ప, పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదు. 2009 నుంచి ఉచిత విద్య హక్కు కూడా చట్టమే. నేను మళ్ళీ వెళ్ళి చిన్నా వయసడిగాను. తడుముకోకుండా "పద్నాలుగు నిండాయన్నా" అన్నాడు. అప్పజెప్పిన పాఠం. ఆ రోజుల్లో ఇంగ్లండులోనూ పుట్టిన తేదీకి ఆధారం లేక, పళ్ళు చూసి వయసు కట్టేవారట!

"వాణ్ణి పనిలోంచి తీసేస్తే ఇంట్లో ఏం తింటారోయ్?" అని నా మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మిల్లు యజమానులూ అదే అడిగారు. కాని పనిలోంచి తీసి ఊరుకోమని ఎవరన్నారు? మన రంగారెడ్డి జిల్లాలో శాంతాసిన్హాగారి ఎం.వి. ఫౌండేషన్ పనిపిల్లల్ని బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్పించి చూపించింది. పేద తల్లిదండ్రులే ముందుకొచ్చారు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. మన యూనియన్ ఈ ఏడాది ఒక తీర్మానం చెయ్యాలి. చిన్నపిల్లలు పనిచేసే చోట మనం టీ తాగం. 1098కి ఫోన్ చేస్తాం. ఆ పిల్లవాడు బడిలో చేరేదాకా వెంట ఉంటాం. ఆనాడు ఇంగ్లండు మొత్తానికి నలుగురు ఇన్‌స్పెక్టర్లే. మన కాలేజీలో వందలమందిమి ఉన్నాం.

తీర్మానం నెగ్గినా నెగ్గకపోయినా, ఆ కొట్టు ముందు నిలబడి "ఒరేయ్ చిన్నా" అని కేకెయ్యడం మాత్రం నేను మానేశాను. వాడి అసలు పేరు కనుక్కున్నాను. ఈ నెలలో వాళ్ళ నాన్నను కలవబోతున్నాను. నాతో ఎవరొస్తారు?